కొండలు చూపించే టూరు మీద ఒక తాపీమేస్త్రి మాట

నాకు అరవై రెండేళ్లు. ముప్పై ఎనిమిదేళ్లు తాపీ పట్టాను. అందులో ఆఖరి పదిహేనేళ్లు చిన్నాచితకా కాంట్రాక్టులు కూడా చేశాను. మోకాళ్లు అరిగిపోయాక ఇంటి పట్టున ఉంటున్నాను. పుట్టింది అనకాపల్లి పక్క పల్లెటూళ్లో, ఇల్లు గోపాలపట్నంలో. ఇదంతా ఎందుకంటే, ఈ రివ్యూ చెప్తున్నవాడు చరిత్ర చదువుకున్నవాడు కాడని ముందే తెలిస్తే మంచిది. తొమ్మిదో తరగతితో నా చదువు సరి. చెప్పేది నేను, టైపు చేసేది మా అమ్మాయి. మధ్యమధ్యలో అది నా మాటలు దిద్దబోతే వద్దన్నాను.

విషయం ఏటంటే, మా అమ్మాయి నా పుట్టినరోజుకి ఒక హెరిటేజ్ టూరు బుక్ చేసింది. వైజాగ్ చుట్టుపక్కల కొండల మీదున్న పాత బౌద్ధ మఠాలూ, ఊళ్లోని మిగతా పాత కట్టడాలూ ఒక్క రోజులో చూపించి సాయంత్రానికి దింపేస్తారు. మనిషికి 1,800 రూపాయలు. బండి, టిఫిను, భోజనం, గైడు, టికెట్లు అన్నీ అందులోనే. ఇద్దరికీ 3,600. ముందు నేను గొణిగాను. ఆ డబ్బుకి ఇద్దరు కూలీలకి రెండు రోజుల పని చూపించొచ్చు. తొట్లకొండ నాకు తెలియదా, బొజ్జన్నకొండ నాకు తెలియదా, బస్సెక్కి నేనే చూపిస్తానన్నాను. "నాన్నా, నువ్వు చూపిస్తే గోడలు తప్ప ఇంకేం చూపించవు" అంది. అదీ నిజమే.

కంపెనీ పేరు రాయడం లేదు. పిల్లలెవరో ముగ్గురు నలుగురు కలిసి కొత్తగా మొదలుపెట్టారట, నా మాట వల్ల వాళ్లకి మేలు జరిగినా కీడు జరిగినా నాకు ఇబ్బందే. ఇలాంటి టూర్లు ఇప్పుడు ఊళ్లో చాలానే తిరుగుతున్నాయి కాబట్టి, ఏ టూరుకెళ్లినా ఏం చూసుకోవాలో తెలియడానికి ఇది పనికొస్తుంది.

ఆరున్నరకి ఎన్ఏడీ జంక్షన్లో ఎక్కించుకుంటామన్నారు. బండి వచ్చేసరికి ఏడుంబావు. పన్నెండు సీట్ల టెంపో ట్రావెలర్. మాతో కలిపి పదకొండు మందిమి. హైదరాబాదు నుంచి వచ్చిన కుర్ర జంట, బ్యాంకులో రిటైరైన భార్యాభర్తలు, కాలేజీ పిల్లలు నలుగురు, కెమెరా మెడలో వేసుకుని ఎవరితోనూ మాట్లాడని ఒకాయన. వెనక సీటు మీద ఏసీ నుంచి నీళ్లు కారుతున్నాయి. డ్రైవరు ఒక తువ్వాలు ఇచ్చి పట్టుకోమన్నాడు. పట్టుకున్నాను. లంకెలపాలెం ట్రాఫిక్కులో టిఫిను పొట్లాలు పంచారు. గారెలు చల్లారిపోయాయి గానీ అల్లం చట్నీ ఘాటుగా బాగుంది.

గైడు ఇరవై ఐదేళ్ల అమ్మాయి. చరిత్రలో ఎమ్మే చేసిందట. గొంతు గట్టిది, ట్రాఫిక్కు హోరులో కూడా వినిపించింది. మొదట్లో మాత్రం బట్టీ పట్టినట్టు చెప్పింది. ఎప్పుడు కట్టారు, ఎవరు తవ్వారు, ఎన్ని దొరికాయి. బొజ్జన్నకొండ ఉన్న శంకరం అనే ఊరి పేరు సంఘారామం (బౌద్ధ సన్యాసుల మఠం) నుంచి వచ్చిందనీ, బుద్ధుని కొండ జనం నోట్లో నలిగి బొజ్జన్నకొండ అయిందనీ చెప్పింది. పక్కనున్న కొండ మీద రాతిలోనే తొలిచిన చిన్నచిన్న స్తూపాలు వరసలు వరసలుగా ఉంటాయి. అవి శివలింగాల్లా కనిపించి జనం దాన్ని లింగాలకొండ అన్నారు. ఈ మాట విన్నప్పుడు నాకు ముచ్చటేసింది. లోపల ఏముందో మర్చిపోయినా పేరు మాత్రం వదలకుండా పట్టుకున్నారు మావాళ్లు.

బొజ్జన్నకొండ మెట్లెక్కడానికి నాకు మిగతావాళ్ల కంటే రెట్టింపు సమయం పట్టింది. ఇది టూరు పెట్టేవాళ్లు గమనించుకోవాల్సిన సంగతి. 'అన్ని వయసులవారికీ అనుకూలం' అని వాట్సాప్‌లో పంపిన కాగితంలో ఉంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి కాదు. బ్యాంకావిడ సగంలోనే కూర్చుండిపోయింది. ఆవిడ దగ్గర ఒక నీళ్ల సీసా పెట్టి పైకి వెళ్లిపోయారు.

గుహలోకి వెళ్లాక మాత్రం నాకు మోకాళ్లు గుర్తు లేవు. చిన్నప్పుడు ఎన్నిసార్లు వచ్చానో, కానీ పని నేర్చుకున్నాక ఇదే రావడం. ద్వారానికి అటూ ఇటూ కాపలా బొమ్మలు. లోపల పదహారు స్తంభాలు, నడిమధ్యన ఒక స్తూపం. అవేవీ తెచ్చి నిలబెట్టినవి కావు. కొండని తొలుచుకుంటూ పోతే మిగిలిపోయినవి. కట్టుబడిలో మేం వరస తప్పు పోతే ఇటుక పీకి మళ్లీ పెడతాం, లేకపోతే సిమెంటుతో మూసేసి ఓనరుకి చెప్పం. ఇక్కడ ఉలి దెబ్బ ఒక్కటి ఎక్కువ పడితే స్తంభమే ఉండదు. ఎక్కడ ఆపాలో ముందే తెలిసినవాడు చేసిన పని అది. గైడుని అడిగాను, "అమ్మా, పైనుంచి కిందికి చెక్కుకొచ్చారా, ముందునుంచి లోపలికి పోయారా?" అని. తడుముకుంది. ఆ అమ్మాయి దగ్గర రాజుల పేర్లున్నాయి. ఇక్కడ సముద్రగుప్తుడి బంగారు నాణెం దొరికిందనీ, వేంగి చాళుక్యుల విష్ణువర్ధనుడి రాగి నాణేలు దొరికాయనీ టకటకా చెప్పింది. పనివాడి సంగతి మాత్రం ఎమ్మేలో లేనట్టుంది.

ఆ తర్వాతే అసలు గొడవ.

బయటికొచ్చాక కనుమ పండగ ముచ్చట ఎత్తింది. ఏటా కనుమ నాడు చుట్టుపక్కల ఊళ్లవాళ్లు తీర్థానికొచ్చి, ఇక్కడున్న బొర్ర పొట్ట బొమ్మని రాక్షసి అనుకుని రాళ్లతో కొట్టేవాళ్లనీ, ఈ మధ్యకాలంలో వారసత్వ సంపద కోసం పనిచేసేవాళ్లు నచ్చజెప్పి మాన్పించారనీ చెప్పింది. "ఇగ్నోరెన్స్ అండీ, ఏం చేస్తాం" అని నవ్వింది. కాలేజీ పిల్లలూ నవ్వారు. హైదరాబాదు అబ్బాయి "టూ మచ్" అన్నాడు.

"ఆ రాళ్లేసినవాళ్లలో నేనొకణ్ణి తల్లీ" అన్నాను.

మా అమ్మాయి నా చెయ్యి గిల్లింది. ఎప్పుడూ చెప్పలేదు దానికి. నాకప్పుడు ఎనిమిదో తొమ్మిదో ఏళ్లు. కనుమ నాడు పొద్దున్నే పశువుల్ని కడిగి, కొత్త చొక్కా తొడుక్కుని, మా నాన్న వెనకాల నడిచి వచ్చేవాళ్లం. జీళ్లు, చెరుకు ముక్కలు, రంగులరాట్నం. అవన్నీ అయ్యాక ఈ రాళ్లు. రాక్షసిని కొట్టకపోతే ఊరి మీదికి వస్తుందని పెద్దవాళ్లు చెప్పేవాళ్లు. నాకు రాక్షసి మీద కోపం ఏమీ లేదు. గురి చూసి కొట్టడం సరదా. తగిలితే పక్కవాళ్లు ఈలేసేవాళ్లు. నా గురి మంచిదే. ఆ సంగతి చెప్తుంటే ఇప్పుడు నాకు చెయ్యి వణికింది. రాయి చెక్కడం ఎంత కష్టమో అప్పటికి తెలియదు కదా.

ఆ అమ్మాయి గొప్పతనం అక్కడ చూశాను. సిగ్గుపడలేదు, సర్దిచెప్పలేదు. "మేస్త్రి గారూ, మీరే చెప్పండి, అప్పుడేం జరిగేదో" అని పక్కకి జరిగి నిలబడింది. అప్పటిదాకా అంకుల్ అన్నది మేస్త్రి గారూ అంది. పావుగంట నేనే మాట్లాడాను. మాట్లాడని కెమెరా ఆయన కూడా ప్రశ్నలేశాడు. మాన్పించినవాళ్లు మంచిపని చేశారనే అంటాను. కానీ మాకు చిన్నప్పుడే ఒక బడిపంతులైనా ఆ కొండ మీదికి తీసుకొచ్చి, ఒరే ఇది ఇలా తొలిచారు, ఇన్నేళ్లు పట్టి ఉంటుంది అని చూపించి ఉంటే, రాయి పట్టుకునేవాళ్లమా? ఆ బడి అక్కడికి రెండు మైళ్లు.

ఇంకొకటి కూడా చెప్పాలి. బొజ్జన్నకొండ కేంద్ర ప్రభుత్వం పురావస్తు శాఖ కింద ఉంది. అలాంటివాటి చుట్టూ వంద మీటర్ల లోపల కట్టుబడి చెయ్యకూడదు, ఆ పైన ఇంకో రెండొందల మీటర్ల దాకా చెయ్యాలంటే అనుమతి కావాలి. 2010లో చట్టాన్ని మార్చి గట్టిగా పెట్టారు. ఈ రూలు గైడు చెప్పలేదు, నాకు ముందే తెలుసు. ఎలా తెలుసంటే, ఇలాంటి చోటొకదాని పక్కన ఇల్లు కట్టమని నా దగ్గరికొచ్చిన ఓనరు ఒకాయన అది విని నా ఎదురుగానే తిట్టాడు. "రెండు వేల ఏళ్ల కిందట చచ్చినవాళ్ల కోసం నా స్థలంలో నేను గోడ కట్టుకోకూడదా" అని. ఆయన బాధ ఆయనది, ఆ స్థలం కూతురి పెళ్లికి కొన్నాడు. నేను కూడా ఆ రోజు ఆయనకే వత్తాసు పలికాను, కాంట్రాక్టు పోయింది మరి. టూర్లు తీసేవాళ్లు ఈ సంగతి కూడా చెప్పాలి. కొండ మీది బుద్ధుణ్ణి చూసి కెమెరా నొక్కి వెళ్లిపోయేవాళ్లకి, కింద ఊళ్లోవాళ్లు దానికోసం ఏం వదులుకుంటున్నారో తెలియదు.

మళ్లీ ఊళ్లోకొచ్చేసరికి పన్నెండు దాటింది. బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియం అరగంటలో ముగించారు. డచ్చివాళ్ల కాలంనాటి బంగళాలో 1991లో పెట్టిన మ్యూజియం. అరగంట చాలదు. జపానువాళ్లు 1942 ఏప్రిల్ 6న వైజాగ్ మీద వేసినప్పుడు పేలకుండా మిగిలిపోయిన బాంబు అక్కడుంది. ఆ బాంబు ముందర మాత్రం నేను కదల్లేదు. మా నాయనమ్మ చెప్పేది. ఆ రోజు తర్వాత పట్నం నుంచి బళ్ల మీదా, కాలి నడకనా జనం మా ఊళ్లమీద పడ్డారట. వాకిట్లో పడుకున్నవాళ్లకి అంబలి కాచి పోసిందట. తిండి లేని రోజుల్లో కూడా "బాంబులప్పుడు ఎంతమందికి పెట్టాను" అని ఆ ముసల్ది చెప్పుకునేది. ఆ ఇనప ముక్క ఇంత చిన్నదా అనిపించింది. "టైమైపోయింది, రండి" అని డ్రైవరు అరుస్తున్నాడు.

భోజనం గురించి పెద్దగా చెప్పను. మామూలు హోటలు మీల్సు. ఉత్తరాంధ్ర వంటలని కాగితంలో ఊరించారు. ఆవ పెట్టిన పనసపొట్టు కూరైనా ఉంటుందనుకున్నాను. బంగాళాదుంప వేపుడు, సాంబారు. బెల్లం ఆవకాయ ఒక్కటే మన ఊరిది.

తొట్లకొండ మూడింటికి చేరాం. ఎండ మాడ్చేస్తోంది. భీమిలి రోడ్డు నుంచి పక్కకి తిరిగి ఘాటు రోడ్డెక్కితే, పైన గాలికి చెమట ఆరిపోతుంది. ఎదురుగా సముద్రం. పెళ్లికి ముందు ఫొటోలు తీయించుకునే జంటలు మూడు. డ్రోను ఒకటి మా నెత్తిమీద గుయ్యిమంటోంది.

ఈ కొండ కథ నాకు కొంచెం తెలుసు. నేవీవాళ్లు స్థావరం కోసం విమానంలో సర్వే చేస్తుంటే బయటపడింది. 1988 నుంచి 1993 దాకా రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వించింది. ఆ రోజుల్లో నా దగ్గర పనిచేసే కూలీ ఒకడు, కొండ కిందున్న మంగమారిపేట వైపువాడు, నాలుగు నెలలు ఆ తవ్వకాలకి పోయాడు. తిరిగొచ్చి "మేస్త్రీ, పారతో తవ్వితే తిడతన్నారు, బ్రెస్సుతో ఊడవమంతన్నారు, దానికి కూలి కూడా ఇత్తన్నారు" అని పగలబడి నవ్వాడు. మేమూ నవ్వాం. వాడు ఊడ్చిన మట్టిలోంచే శాతవాహనుల సీసం నాణేలు, రోముదేశపు వెండి నాణేలు వచ్చాయని ఆ రోజు గైడు చెప్తుంటే వాణ్ణే తల్చుకున్నాను. వాడు లేడిప్పుడు. రోము నాణెం భీమిలి తీరంలో కొండమీది సన్యాసుల దగ్గరికి ఎలా వచ్చిందంటే, పడవల్లో వ్యాపారం చేసుకునేవాళ్లు మొక్కు చెల్లించుకుని ఇచ్చిపోయి ఉంటారంది. తిరుపతి హుండీలో డాలర్లు పడ్డట్టు అన్నమాట.

ఇక్కడ గైడు బాగా చెప్పింది. బొజ్జన్నకొండ దగ్గర తగిలిన దెబ్బకి దారి మార్చుకున్నట్టుంది. రాజుల్ని వదిలేసి ఇది వంట చేసిన చోటు, ఇది అందరూ కూర్చుని తిన్న చోటు, ఇవి పడుకునే గదులు అని నడిపించింది. వానాకాలం మూడు నెలలూ సన్యాసులు ఊళ్లు తిరగకుండా ఒకేచోట ఉండాలట. ఆ మూడు నెలలకి ఇలాంటి కొండలు. గదులు చిన్నవి. మేం కట్టే అపార్టుమెంట్లలో పూజగది కంటే కాస్త పెద్దవి. కానీ గుమ్మాలన్నీ నడిమి వాకిట్లోకి చూస్తాయి. ఎవడి గది వాడిదే, గాలి మాత్రం అందరిదీ.

ఇక తొట్లు. కొండకి పేరు వచ్చిందే వాటివల్ల. రాతిలో తొలిచిన నీటి తొట్లు. అందరూ అంచున నిలబడి సెల్ఫీలు తీసుకున్నారు. నేను వెనక్కి నడిచి, నీళ్లు ఎటునుంచి వస్తాయో చూశాను. కొండ నెత్తిన పడ్డ వాన అటూ ఇటూ పోకుండా రాతి వాటం పట్టుకుని ఇటే దిగుతుంది. వాటం అంటే నీరు పారే వాలు, మా పనిలో అదే ప్రాణం. డాబా వేసినప్పుడు వాటం అర అంగుళం తప్పితే, ఆ ఇంట్లో పదేళ్లు తిట్లు తింటాం. నేను తిన్నాను. మధురవాడలో నేను కట్టిన ఇల్లొకటి ఇప్పటికీ హాలు మూల కారుతుంది. ఓనరు పండక్కి ఫోను చేసి శుభాకాంక్షలు చెప్పి, తర్వాత అదే అడుగుతాడు. ఆ మధురవాడలోనే ఎండాకాలం వస్తే ట్యాంకరు కోసం వీధిలో బిందెలు పెడతారు. ఈ తొట్ల నుంచి అక్కడికి బండి మీద ఇరవై నిమిషాలు. కొండ మీద బోరు లేదు, మోటారు లేదు, అయినా మఠం ఐదారు వందల ఏళ్లు నడిచింది. మున్సిపాలిటీలో ప్లాను పాసు చేసే ఇంజనీర్లని ఏడాదికోసారి ఈ తొట్ల దగ్గర నిలబెట్టాలి. నాలాంటి మేస్త్రీల్ని కూడా.

మహాస్తూపం దగ్గర మాత్రం మాకూ గైడుకీ తేడా వచ్చింది. "ఇది రెండు వేల ఏళ్లనాటి స్తూపం" అంది. నేను ఇటుకలు చూస్తూ నిలబడ్డాను. అంచులు అంత సూటిగా, అన్నీ ఒకే రంగులో ఉంటే అవి నా మనవడి వయసువి. అడిగాను. అప్పుడు ఒప్పుకుంది, 2019 అక్టోబరులో వానలకి స్తూపం కూలిందనీ, తర్వాత మళ్లీ కట్టారనీ. ఆ సంగతి పేపర్లో చదివినట్టు నాకూ గుర్తొచ్చింది. ఎందుకు కూలిందని కాలేజీ పిల్ల అడిగితే నేనే చెప్పాను. ఇది నా ఊహే, ఇంజనీర్లు వేరే చెప్పొచ్చు. గుండ్రంగా ఇటుక కట్టి లోపల మట్టి నింపినప్పుడు, ఆ మట్టిలోకి నీరు దిగితే బరువెక్కి బయటికి తంతుంది. నీరు పోవడానికి దారి లేకపోతే గోడ కడుపు ఉబ్బుతుంది. కొండవాలులో మట్టి జారకుండా ఆపే రిటైనింగ్ వాల్ కట్టేటప్పుడు కన్నాలు వదలమని మేం మొత్తుకునేది అందుకే. హుద్‌హుద్ తుఫాను తర్వాత అలాంటి గోడలు ఎన్ని చూశానో.

మళ్లీ కట్టడం తప్పు అనను. కూలిందాన్ని అలా వదిలేస్తే ఇంకో రెండు వానలకి ఏమీ మిగలదు. అయితే ఏది పాతది, ఏది కొత్తదో చూసేవాడికి చెప్పాలి. పాత ఇంటికి మరమ్మతు చేసి, ఇది మా తాతలనాడు కట్టిందే అని అమ్మితే దాన్నేమంటాం? టూరువాళ్లకి నా గట్టి సలహా ఇదొక్కటే. "ఇంతవరకూ అప్పటిది, ఇక్కణ్ణుంచి మనవాళ్లది" అని వేలు పెట్టి చూపించండి. దానివల్ల మాకు గౌరవం తగ్గదు. నాకైతే పెరిగింది, ఎందుకంటే కింద వరసల్లో ఒకచోట నిజమైన పాత ఇటుక కనిపించింది.

నా జేబులో టేపు ఎప్పుడూ ఉంటుంది. పెళ్లికెళ్లినా ఉంటుంది. ఆ ఇటుక పక్కన తగలకుండా పట్టుకుని కొలుస్తున్నాను. అడుగు దాటింది, ఇంకా పోతోంది. అంతలో కాపలా అతను ఈలవేసుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. "పెద్దాయనా, ముట్టుకోకూడదు, దూరం జరగండి." ముట్టుకోలేదు బాబూ అన్నాను. "అందరూ అదే అంతారు" అన్నాడు. టేపు మూసేశాను. అతని మీద నాకేం కోపం లేదు, పైపెచ్చు అలాంటివాళ్లు ఇంకో పదిమంది ఉండాలి. అక్కడ బండల మీద గుండె బొమ్మ గీసి పేర్లు చెక్కినవాళ్లని ఎవరూ ఆపలేదు మరి.

కిందికి దిగుతూ గైడు అమరావతి బౌద్ధ స్తూపం సంగతి చెప్పింది. 1797లో ఇంగ్లీషు కంపెనీ సర్వే అధికారి కర్నల్ మెకంజీ అక్కడికి వెళ్లేనాటికి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు కొత్తగా ఊరు కడుతున్నాడు. స్తూపం ఇటుకలూ, సున్నపురాతి పలకలూ ఆ కట్టుబడికి పోయాయి. మిగిలిన శిల్పాలు కొన్ని మద్రాసుకీ, కొన్ని లండన్ బ్రిటిష్ మ్యూజియానికీ చేరాయి. బండిలో అందరూ జమీందారుని తిట్టారు, ఇంగ్లీషువాళ్లని తిట్టారు. నేను మాత్రం ఆ ఇటుకలు పీకి మళ్లీ పేర్చిన మేస్త్రి గురించే ఆలోచించాను. వాడికి తెలిసే ఉంటుంది, ఇది మామూలు ఇటుక కాదని. చేతికి తెలుస్తుంది. కూలి కోసం నోరు మూసుకుని ఉంటాడు.

భీమిలి చేరేసరికి చీకటి పడింది. డచ్చివాళ్ల సమాధులు చూపిస్తామన్నారు, గేటు మూసేశారు. ఫోను లైట్లు వేసి గోడ మీదుగా చూశాం. కోసుగా పైకి లేచిన సమాధులు లీలగా కనిపించాయి, అంతే. వాళ్లు ఇక్కడ కోట కట్టుకుని వ్యాపారం చేసి, 1825లో ఇంగ్లీషువాళ్లకి అప్పజెప్పి పోయారని రోడ్డు మీద నిలబెట్టి చెప్పింది. దోమలు. ఇది పూర్తిగా టూరువాళ్ల తప్పు. పొద్దున్న నలభై ఐదు నిమిషాలు ఆలస్యంగా బయల్దేరి, ఒకే రోజులో అటు అనకాపల్లి, ఇటు భీమిలి అంటే ఏం కుదురుతుంది? మెనూలో ఉన్న కూర వడ్డించలేకపోతే ధర తగ్గించాలి. అడిగితే, వచ్చేసారి రెండొందలు డిస్కౌంటు ఇస్తామన్నారు. వచ్చేసారి వస్తేనే కదా.

రాత్రి ఎనిమిదిన్నరకి ఎన్ఏడీలో దిగాం.

నక్షత్రాలు ఎన్నంటే, ఐదింటికి మూడున్నర. సగం నక్షత్రం గైడు అమ్మాయికోసమే, బండికి కాదు. వెళ్లేవాళ్లకి చెప్పేదేంటంటే, బొజ్జన్నకొండకీ తొట్లకొండకీ రెండు వేరువేరు రోజులు పెట్టుకోండి. మూడు లీటర్ల నీళ్లు, టోపీ పట్టుకెళ్లండి. పెద్దవాళ్లుంటే మెట్ల సంగతి ముందే అడగండి. వెనక సీటు వద్దు. టూరువాళ్లకి ఒక మాట: పన్నెండో సీటు ఆ రోజు ఖాళీగా పోయింది. ప్రతి ట్రిప్పులో ఆ ఒక్క సీటు శంకరం బడి పిల్లల్లో ఒకరికో, మంగమారిపేట పిల్లల్లో ఒకరికో ఊరికే ఇవ్వండి. డీజిలు ఎక్కువేం ఖర్చవదు. నేను ఫోను చేసి కూడా చెప్పాను, ఆలోచిస్తామన్నారు.

ఇదంతా అయిన మూడో రోజు గైడు అమ్మాయి మా అమ్మాయి ఫోనుకి మెసేజి పెట్టింది. ఆ రోజు టేపు సగంలో ఆగిపోయింది కదా, అది మనసులో పెట్టుకుని వెతికిందట. తొట్లకొండది దొరకలేదు గానీ, నాగార్జునకొండలో ఇటుక 20 అంగుళాల పొడవు, 10 వెడల్పు, 3 మందం అని రాసింది. లెక్కేశాను. మేం వాడే తొమ్మిది-నాలుగు-మూడు ఇటుకలు ఐదున్నర కలిస్తే అది ఒక్కటి. తడిస్తే ఇంకా బరువు. ఒంటి చేత్తో ఎత్తే పని కాదు, రెండు చేతులూ కావాలి. మరి రెండు చేతులూ ఇటుకకే పోతే మేస్త్రి తాపీ ఎలా పట్టుకున్నాడు? మట్టి పరిచేవాడొకడు, ఇటుక పెట్టేవాడొకడు, జంటగా పనిచేశారా? ఆ ప్రశ్న మా అమ్మాయి చేత మళ్లీ పంపించాను. రెండు నీలం గీతలు పడ్డాయి. జవాబు ఇంకా రాలేదు.